గుణిజమా, కారణాంకమా: లెక్కల మాటలు నేర్పడానికి ఏ పద్ధతి ఎవరికి

ఆరో తరగతి చదివే ఒక పాప రాసిన కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. ప్రశ్న చిన్నది: ‘12కు గుణిజాలు ఎన్ని?’ ఆ పిల్ల 1, 2, 3, 4, 6, 12 అని వరసగా రాసి, లెక్కపెట్టి, ‘6’ అని జవాబిచ్చి, దాని చుట్టూ ముచ్చటగా గడి కూడా గీసింది. భాగహారంలో ఒక్క పొరపాటు లేదు. ఒక్క కారణాంకాన్నీ, అంటే 12ను శేషం లేకుండా భాగించే సంఖ్యను, వదిలిపెట్టలేదు. కానీ అడిగింది గుణిజాలు. 12, 24, 36, 48 అంటూ పోయేవి, ఎంతకీ అయిపోనివి. ఆ కాగితం చూసినవాళ్లలో సగం మంది ‘ఈ పిల్లకు లెక్కలు రావు’ అనేస్తారు. లెక్క వచ్చు. మాటే రాలేదు.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇలాంటి మాటలు ఒక్కసారిగా మీద పడతాయి. అయిదో తరగతి వరకు కూడిక, తీసివేత, సగం, పావు అంటూ ఎక్కువగా ఇంట్లో వినే మాటలతోనే గడిచిపోతుంది. తర్వాత చరరాశి, ఘాతాంకం, అనుపాతం, సర్వసమానం, మధ్యగతం అన్నీ వరస కడతాయి. వీటిని నేర్పడానికి పద్ధతులకేం కొదవ లేదు. నిర్వచనాలు బట్టీ పట్టించేవాళ్లున్నారు, కార్డులు రాయించేవాళ్లున్నారు, గోడకు చార్టు అంటించేవాళ్లున్నారు, ఫోన్‌లో యాప్ పెట్టి చేతికిచ్చేవాళ్లున్నారు. వీటిలో ఏది మంచిదని ఎవరైనా అడిగితే నేను వెంటనే చెప్పను. ముందు ఆ పిల్ల తప్పులు చేసిన కాగితం ఒకటి చూపించమంటాను.

ముందు తప్పు ఏ రకమో చూడండి

మాట దగ్గర వచ్చే తప్పులు నాలుగు రకాలు. ఒకటి, మాట అసలు తెలియకపోవడం: ‘బాహుళకం కనుక్కోండి’ అంటే పెన్ను కదలదు. రెండోది, జంట మాటలు తారుమారు కావడం, పైన పాప చేసినట్టు. మూడోది, రోజువారీ అర్థం వచ్చి లెక్కలో అడ్డంగా కూర్చోవడం. వృత్తానికి వ్యాసం కనుక్కోమంటే ‘ఏ విషయం మీద రాయాలి?’ అని ఒకడు నన్ను అడిగాడు. వెక్కిరింపు అనుకున్నాను మొదట, కాదు, నిజంగానే అడిగాడు. నాలుగోది అన్నిటికన్నా మొండిది: నిర్వచనం గడగడా అప్పజెబుతారు, అదే మాట లెక్కలో ఎదురైతే ఏం చేయాలో తోచదు.

ఇంట్లోనే ఈ తేడా పట్టుకోవడానికి ఒక దారి ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన ఆన్ న్యూమన్ 1977లో ఆరో తరగతి పిల్లల తప్పులను పరిశీలిస్తూ, మాటల్లో ఇచ్చిన లెక్క చేయడానికి పిల్లలు అయిదు మెట్లు ఎక్కాలని చెప్పింది. ప్రశ్న చదవడం, అది ఏమడుగుతోందో గ్రహించడం, దాన్ని కూడికో గుణకారమో చేసుకోవడం, ఆ పని చేయడం, జవాబును సరిగ్గా రాయడం. తప్పు చేసిన లెక్కే మళ్లీ ముందు పెట్టి ఈ వరసలో అడగండి: పైకి చదువు, ఏం అడిగారో నీ మాటల్లో చెప్పు, ఎలా చేస్తావు, చేసి చూపించు, జవాబు రాయి. ఎక్కడ ఆగిపోతే జబ్బు అక్కడుంది. మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగితే ఇంకో వంద లెక్కలు చేయించినా లాభం లేదు, కావలసింది మాటల పని. నాలుగో మెట్టు దగ్గర ఆగితే మాటల జోలికి పోనక్కర్లేదు, ఎక్కాలూ భాగహారమూ చూసుకోండి. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. చాలామంది ఇది చేయకుండానే వర్క్‌బుక్కులు కొంటారు.

నిర్వచనమా, నాలుగు గడుల కాగితమా

బట్టీని నేను పూర్తిగా తీసిపారేయను. కొన్ని మాటలు కేవలం పేర్లు. భిన్నంలో పైది లవం, కిందిది హారం. ఇందులో అర్థం చేసుకోవడానికి ఏమీ లేదు, గుర్తుండాలి అంతే. విభాజ్యం, విభాజకం, భాగఫలం, శేషం కూడా అంతే. ఇలాంటివి పాటలా అనిపించి వల్లె వేయిస్తే తప్పేం లేదు, రెండు రోజుల్లో పనైపోతుంది.

గొడవంతా పేరు వెనక ఒక భావన ఉన్న మాటల దగ్గరే. ప్రధాన సంఖ్యనే తీసుకోండి. ‘1తోనూ తనతోనూ తప్ప వేరే సంఖ్యతో భాగించబడని సంఖ్య’ అని బట్టీ పట్టిన పిల్లవాణ్ణి 1 ప్రధాన సంఖ్యేనా అని అడిగితే అవునంటాడు. వాడి తప్పు కాదు, ఆ నిర్వచనం ప్రకారం అవుననే తోస్తుంది. 51 అడిగితే కూడా అవుననే అంటాడు, ఎందుకంటే ఆ సంఖ్య చూడ్డానికి ప్రధాన సంఖ్యలాగే ఉంటుంది. 3 × 17 అని గుర్తుకు రాదు.

ఇలాంటి మాటలకు నాలుగు గడుల కాగితం బాగా పనిచేస్తుంది. 1969లో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డొరోథీ ఫ్రేయర్, ఆమె సహచరులు దీన్ని రూపొందించారు, అందుకే ఫ్రేయర్ పటం అంటారు. కాగితం మధ్యలో మాట రాస్తారు. చుట్టూ నాలుగు గడులు: నిర్వచనం, లక్షణాలు, ఉదాహరణలు, ఉదాహరణ కానివి. అసలు బలమంతా నాలుగో గడిలో ఉంది. ప్రధాన సంఖ్యకు ఒక పాప నింపిన కాగితం చెబుతాను. నిర్వచనం గడిలో ‘సరిగ్గా రెండే కారణాంకాలున్న సంఖ్య’ అని రాసింది. లక్షణాల్లో ‘2 ఒక్కటే సరిసంఖ్య’. ఉదాహరణల్లో 2, 3, 13, 29. చివరి గడిలో మొదట 4, 6, 8, 10 అని రాసింది. ఇవి పనికిరావు, ఎవరూ మోసపోనివి రాసి ఏం లాభం? కొట్టేయించి, ‘చూడ్డానికి అలాగే ఉండి, కానివి రాయి’ అన్నాను. చాలాసేపు పెన్ను కొరుక్కుని 1, 9, 51, 91 రాసింది. 91 దగ్గర 7 × 13 అని పక్కన చిన్నగా వేసుకుంది. ఆ తర్వాత ఆ మాట మీద మళ్లీ పని పడలేదు.

ఈ పద్ధతికి ఖర్చు ఏమిటంటే సమయం. ఒక మాటకు పావుగంట పడుతుంది. ఏడాదిలో వచ్చే మాటలన్నిటికీ ఇలా చేయించబోతే పిల్లలకు విసుగు, మీకు టెన్షన్. నేనైతే నెలకు అయిదారు మాటలకు మించి వాడను, అవి కూడా తప్పు వచ్చిన మాటలే. ప్రధాన సంఖ్య, కారణాంకం, చరరాశి, అనుపాతం, సర్వసమానం లాంటివి ఆ పావుగంటకు తగినవి. లవం, హారం కావు.

ఉదాహరణలు ఎంచుకోవడంలోనూ కాస్త చూసుకోవాలి. చుట్టుకొలతకూ వైశాల్యానికీ తేడా చెప్పాలని 4 సెంటీమీటర్ల భుజం ఉన్న చతురస్రం గీస్తారు. చుట్టుకొలత 16, వైశాల్యం కూడా 16. పిల్లలు రెండూ ఒకటేననుకోక ఏం చేస్తారు? 6, 3 కొలతలున్న దీర్ఘచతురస్రం గీసినా అదే తంతు, రెండూ 18. పూర్ణాంకాల భుజాలతో ఇలా రెండూ కలిసిపోయే దీర్ఘచతురస్రాకారాలు ఈ రెండే, మన దురదృష్టం కొద్దీ బోర్డు మీద చేతికి ముందు వచ్చేవీ ఇవే. 5, 2 తీసుకోండి: చుట్టుకొలత 14, వైశాల్యం 10. లేదా 10, 1 తీసుకోండి: 22, 10. వైశాల్యం మారకుండా చుట్టుకొలత ఒక్కటే పెరిగిందని పిల్లలే కనిపెడతారు.

తెలుగు మాటా, ఇంగ్లిష్ మాటా

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లలకు తెలుగు మాటలెందుకు, తెలుగు మీడియం పిల్లలకు ఇప్పటి నుంచే ఇంగ్లిష్ మాటలెందుకు అని. పాఠం ఏ భాషలో ఉంటే ఆ మాట రావాలి, పరీక్ష అందులోనే కాబట్టి. దాని మీద వాదన లేదు. రెండో భాష మాటను ఎప్పుడు పక్కన పెట్టుకోవాలన్నదే ప్రశ్న. నా అనుభవంలో దీనికి మాట మాటకూ వేరే జవాబుంది.

కొన్ని చోట్ల తెలుగు మాటే పాఠం చెప్పేస్తుంది. చుట్టుకొలత అంటే చుట్టూ కొలవడమే, పెరిమీటర్ అంటే గ్రీకు తెలిస్తే తప్ప తెలియదు. వ్యాసార్ధంలో వ్యాసంలో సగమని ఉంది, రేడియస్‌లో లేదు. సమద్విబాహు త్రిభుజంలో రెండు భుజాలు సమానమని పేరే చెబుతుంది. ఐసోసిలస్ అన్న మాటకు స్పెల్లింగ్ నేర్చుకోవడమే ఒక పని. శాతంలో వంద ఉంది, దశాంశంలో పదో వంతు ఉంది. వృత్తంలో చాపం, జ్యా అనే జంట నాకు మరీ ఇష్టం. చాపం అంటే విల్లు, జ్యా అంటే అల్లెతాడు. వృత్తం మీద ఒక ముక్కను, దాని రెండు కొసలను కలిపే గీతను గీయమనండి, విల్లు కనిపిస్తుంది. ఇక ఆ రెండు మాటలూ ఎవరూ తారుమారు చేయరు. పెద్ద తరగతుల త్రికోణమితిలో వచ్చే సైన్ అన్న మాట పుట్టుక కూడా ఈ అల్లెతాడులోనే ఉంది. 499లో ఆర్యభటుడు తన గ్రంథంలో వాడిన అర్ధజ్యా అరబిక్‌లోకి వెళ్లి, అక్కడ వేరే మాటగా చదవబడి, లాటిన్‌లో సైనస్ అయింది. ఇది ఆరో తరగతికి అక్కర్లేదు గానీ చెబితే పిల్లలు చెవులు రిక్కిస్తారు.

ఇంకొన్ని చోట్ల రెండు భాషలూ ఒకే బొమ్మను రెండు వైపుల నుంచి చూస్తాయి. త్రిభుజం అంటే మూడు భుజాలున్నది. ట్రయాంగిల్ అంటే మూడు కోణాలున్నది. మనవాళ్లు భుజాలు లెక్కపెట్టారు, వాళ్లు కోణాలు లెక్కపెట్టారు. పంచభుజి, పెంటగాన్ కూడా అంతే, గాన్ అంటే గ్రీకులో కోణం. ఇలాంటి చోట రెండు మాటలూ కలిపి చెబితే ఒక మాట ఖర్చుతో రెండు లక్షణాలు వస్తాయి. భిన్నం, ఫ్రాక్షన్ మాత్రం రెండూ ఒకటే అంటాయి: విరిగినది.

తెలుగు మాట దారి తప్పించే చోట్లూ ఉన్నాయి, అవి దాచిపెట్టి లాభం లేదు. సమచతుర్భుజం గీయమంటే పదిమందిలో ఎనిమిదిమంది చతురస్రం గీస్తారు. నాలుగు భుజాలూ సమానమని పేరు చెబుతోంది, మరి చతురస్రం గీయక ఏం చేస్తారు? చతురస్రం కూడా సమచతుర్భుజమే కాబట్టి పూర్తిగా తప్పనీ అనలేం. కోణాలు లంబకోణాలు కానక్కర్లేదన్న ముక్క ఆ పేరులో కనిపించదు. అక్కడ రాంబస్ అనే అర్థం కాని ఇంగ్లిష్ మాటే మేలు, ఎందుకంటే అది ఏమీ ఊహించనివ్వదు, బొమ్మ చూసే తీరాలి. పూర్ణాంకం, పూర్ణసంఖ్య ఇంకో చిక్కు. మన పాఠ్యపుస్తకాల్లో పూర్ణాంకాలంటే 0, 1, 2, 3... పూర్ణసంఖ్యలంటే వాటితో పాటు −1, −2, −3 కూడా. ఒక్క తోకలో ఇంత తేడా! హోల్ నంబర్, ఇంటిజర్ అని పక్కనే రాసి పెట్టుకుంటే తెలుగు మీడియం పిల్లలకూ పని తేలికవుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం అకరణీయ సంఖ్యల దగ్గర. ఇంగ్లిష్‌లో రేషనల్ మామూలుది, దానికి ఇర్ తగిలిస్తే వ్యతిరేకం. తెలుగులో సరిగ్గా తిరగబడింది. ‘అ’ ఉన్న అకరణీయమే రేషనల్, ‘అ’ లేని కరణీయం ఇర్రేషనల్. మీడియం మారిన పిల్లలు ఇక్కడ తప్పకుండా బోల్తా పడతారు. కరణి అంటే రూట్ 2 లాగా వర్గమూలంలోనే ఇరుక్కుపోయిన సంఖ్య, అలా ఇరుక్కోకుండా లవం, హారంతో రాయగలిగేది అకరణీయం అని ఒక్కసారి చెబితే చిక్కు విడిపోతుంది. అనువాదం పట్టిక ఇచ్చి చదువుకోమంటే విడిపోదు.

ఇక సగటుల సంగతి. మీన్, మీడియన్, మోడ్ మూడూ ‘మ’తోనే మొదలవుతాయి, పిల్లలకు మూడూ కలగాపులగం. తెలుగులో అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం. బాహుళకంలో బహుళం ఉంది, ఎక్కువసార్లు వచ్చినది, అది బాగుంది. మొదటి రెండింటిలోనూ ‘మధ్య’ ఉండడం బాగోలేదు. నేను 2, 2, 4, 5, 12 అన్న అయిదు అంకెలతో మొదలుపెడతాను. కలిపితే 25, అయిదుతో భాగిస్తే అంకమధ్యమం 5; వరసలో నడుమ నిలబడింది 4, అదే మధ్యగతం; రెండుసార్లు వచ్చింది 2, బాహుళకం. మూడు మాటలకూ మూడు వేర్వేరు జవాబులు రావాలి. జవాబులు కలిసిపోయే ఉదాహరణతో మొదలుపెడితే మాటలూ కలిసిపోతాయి.

కాబట్టి నా సలహా ఇది: పేరులోనే అర్థం దొరికే చోట ఏ మీడియం పిల్లలకైనా తెలుగు మాట ఒక్కసారి వినిపించండి. పేరు తప్పుదారి పట్టించే చోట ఇంగ్లిష్ మాట పక్కన పెట్టండి. అన్ని మాటలకూ రెండు భాషలూ రాయించడం మాత్రం వద్దు. రెండు వరసల పట్టిక నోట్స్‌లో చూడ్డానికి బాగుంటుంది, తలలోకి వెళ్లేది తక్కువ.

ఇంటి మాటే అడ్డొస్తే

వ్యాసం రాయాలా గీయాలా అని అడిగినవాడి గురించి చెప్పాను కదా. తెలుగు లెక్కల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. భూమి మనం నడిచేది, త్రిభుజంలో కింది భుజం. కర్ణం అంటే చెవి అని పద్యాల్లో చదువుతారు, లంబకోణ త్రిభుజంలో అది అన్నిటికన్నా పొడవైన భుజం. వర్గం, పరిధి, మూలం ఇవన్నీ వార్తల్లో వినే మాటలు. ఇంగ్లిష్‌లోనూ ఇదే బాధ ఉంది: ఆడ్ అంటే వింత, మీన్ అంటే చెడ్డ, వాల్యూమ్ అంటే టీవీ శబ్దం, టేబుల్ అంటే బల్ల.

వీటికి చార్టు పనికిరాదు, కార్డు అంతకన్నా పనికిరాదు. రెండు అర్థాలూ ఎదురెదురుగా పెట్టి మాట్లాడటమొక్కటే దారి. ఒక్కోసారి ఆ పాత అర్థమే సాయం చేస్తుంది కూడా. బీజగణితంలో సమాసం, పదం వచ్చినప్పుడు పిల్లలు ‘ఇవి తెలుగు క్లాసువి కదా’ అంటారు. అవును మరి. అక్కడ పదాలు కలిస్తే సమాసం, ఇక్కడా పదాలు కలిస్తే సమాసమే: 3ఎక్స్ + 5లో 3ఎక్స్ ఒక పదం, 5 ఒక పదం. భూమి దగ్గర మాత్రం జాగ్రత్త. కింద ఉన్నదే భూమి అనుకుంటే త్రిభుజాన్ని తిప్పి గీసినప్పుడు పిల్లలు తికమకపడతారు. ఏ భుజాన్నైనా భూమిగా తీసుకోవచ్చు, ఎత్తును దానికి లంబంగా కొలవాలి. త్రిభుజం ఉన్న కాగితాన్నే మూడు వైపులా తిప్పి చూపించండి.

క.సా.గు., గ.సా.భా. అనే జంటలో ఇంకో వింత ఉంది. 12, 18లకు కనిష్ట సామాన్య గుణిజం 36. గరిష్ఠ సామాన్య భాజకం 6 (ఇక్కడ భాజకమన్నా కారణాంకమన్నా ఒకటే). కనిష్టం పెద్దది, గరిష్ఠం చిన్నది! తెలివైన పిల్లలే ఇక్కడ తమ జవాబు తప్పనుకుని కొట్టేస్తారు. గుణిజాలకు పైన అంతు లేదు కాబట్టి కిందిది అడుగుతాం, భాజకాలకు కింద 1 ఎలాగూ ఉంటుంది కాబట్టి పైది అడుగుతాం. ఈ ఒక్క వాక్యం చెప్పకుండా క.సా.గు. అని పొట్టి పేరు బట్టీ పట్టిస్తే, ఆ పొడి అక్షరాలతో పాటు తప్పూ గట్టిపడుతుంది. సంక్షిప్తాలు నేర్పొద్దని కాదు, పూర్తి పేరుతో ఓ నెల గడిచాక నేర్పండి.

నోట్‌బుక్, కార్డులు, చార్టు, యాప్

వీటి మీద ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఏం రాస్తున్నామన్నది ముఖ్యం గానీ దేని మీద రాస్తున్నామన్నది అంత ముఖ్యం కాదు.

కార్డులు పేర్లకు బాగుంటాయి. ఒక వైపు మాట, వెనక బొమ్మో ఉదాహరణో, నిర్వచనం వద్దు. సెబాస్టియన్ లైట్నర్ 1972లో తన పుస్తకంలో చెప్పిన పెట్టె పద్ధతి వీటికి సరిపోతుంది: సరిగ్గా చెప్పిన కార్డు తర్వాతి గడిలోకి పోతుంది, అక్కడ ఇంకొంచెం ఆలస్యంగా అడుగుతారు, తప్పు చెబితే మళ్లీ మొదటి గడికి వస్తుంది. రోజుకు అయిదు నిమిషాలు. కానీ తారుమారయ్యే జంటలను విడివిడి కార్డుల మీద రాయకండి. గుణిజం ఒక కార్డు, కారణాంకం ఇంకో కార్డు అయితే ఏ రోజుకారోజు సరిగ్గానే చెబుతారు, రెండూ ఒకే ప్రశ్నలో ఎదురైనప్పుడు మళ్లీ మొదటికొస్తారు. ఒకే కార్డు మీద రెండూ రాయాలి: ‘3, 12: ఏది దేనికి ఏమవుతుంది?’

నోట్‌బుక్ వాడితే అక్షర క్రమంలో రాయించకండి. అది వెతుక్కోవడానికే తప్ప నేర్చుకోవడానికి కాదు. చుట్టాలను ఒకచోట కూర్చోబెట్టినట్టు రాయించండి: గుణ్యం, గుణకం, లబ్ధం, గుణిజం ఒక పేజీలో, పూరక కోణాలు 90, సంపూరక కోణాలు 180 పక్కపక్కన. గోడ చార్టు మొదటి వారం కనిపిస్తుంది, రెండో వారం నుంచి గోడలో కలిసిపోతుంది. మార్చే ఓపిక ఉంటేనే పెట్టండి. యాప్‌లలో చాలావరకు నాలుగు జవాబులిచ్చి ఒకటి నొక్కమంటాయి. దానివల్ల చూసి గుర్తుపట్టడం వస్తుంది, సొంతంగా చెప్పడం రాదు. గుర్తు చేయడానికి వాడుకోండి, నేర్పడానికి కాదు.

చిన్న మాటల సంగతి ఎవరూ పట్టించుకోరు

పెద్ద మాటలకు పుస్తకం వెనక పట్టిక ఉంటుంది. కంటే, నుంచి, రెట్లు, కనీసం, మించకుండా వంటి వాటికి ఉండదు. మార్కులు ఎక్కువగా పోయేది వీటి దగ్గరే. ‘ఒక సంఖ్య కంటే 5 తక్కువ’ అంటే తెలుగులో మాటలు వచ్చిన వరసలోనే సంఖ్య − 5 అని రాసేయొచ్చు. ‘5ను ఒక సంఖ్య నుంచి తీసివేయగా’ అంటే వరస తిరగబడింది, జవాబు మాత్రం అదే. ఎడమ నుంచి కుడికి అంకెలు ఏరుకుంటూ పోయే పిల్లలు 5 − సంఖ్య అని రాస్తారు. ‘కనీసం 5’లో 5 కూడా ఉంది, ‘5 కంటే ఎక్కువ’లో లేదు. 12ను సగం చేస్తే 6, 12ను సగంతో భాగిస్తే 24. ‘మూడు రెట్లు’ అంటే 10కి 30; ‘మూడు రెట్లు ఎక్కువ’ అంటే 30 అనేవాళ్లూ ఉన్నారు, 40 అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట ఇంట్లో లెక్కలు చెప్పేటప్పుడు వాడకపోవడమే మంచిది.

సమానం అన్నదీ ఇలాంటి చిన్న మాటే. 8 + 4 = ☐ + 5 అని ఇచ్చి చూడండి. గడిలో 12 రాసేవాళ్లు ఎనిమిదో తరగతిలోనూ దొరుకుతారు. వాళ్లకు సమానం అంటే ‘ఇక జవాబు రాయి’ అని. 1557లో రాబర్ట్ రికార్డ్ ఆ గుర్తును తొలిసారి అచ్చువేసినప్పుడు, రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి ఇంకేం ఉండవని కారణం చెప్పాడు. రెండు వైపులా ఒకే బరువని అర్థం, గడిలో 7. సమీకరణాలు మొదలుపెట్టేముందు ఈ ఒక్క మాట సరిచేయకపోతే చరరాశి ఎన్నిసార్లు చెప్పినా వంటబట్టదు.

ఈ చిన్న మాటలకు కార్డులూ వద్దు, నాలుగు గడులూ వద్దు. లెక్కను చేయించకుండా, గుర్తుల్లోకి మార్చడం వరకే చేయించండి. రోజుకు నాలుగు వాక్యాలు, జవాబు అక్కర్లేదు. తర్వాత తిరగేసి, 2ఎక్స్ + 7 ఇచ్చి దానికో వాక్యం చెప్పమనండి. ఈ రెండో పని మొదట్లో కష్టంగా ఉంటుంది, పిల్లలు నవ్వుతూ ఏవేవో చెబుతారు. చెప్పనివ్వండి.

మీ చేతిలో ఎంత సమయం ఉంది

పరీక్ష వారంలో ఉంటే కొత్త పద్ధతి ఏదీ మొదలుపెట్టకండి. పాత కాగితాల్లోంచి తారుమారైన జంటలు నాలుగో అయిదో ఏరి, ఒక్కో జంటకు ఒకే కార్డు, అంతే. ఏడాది ముందుంటే పాఠంతో పాటే వెళ్లడం మేలు. పాఠం మొదలయ్యేముందే మాటలన్నీ చెప్పేయాలని కొందరంటారు, నాకది నచ్చదు. హారం అనే మాట రెండు భిన్నాలు కలపాల్సి వచ్చి చిక్కుకున్న రోజున చెబితే నిలుస్తుంది, దానికి ముందు చెబితే గాలికి పోతుంది. మీడియం మారుతున్న పిల్లలకు మాత్రం ఇది వర్తించదు. వాళ్లకు భావన ముందే ఉంది, పేరే కొత్తది. సెలవుల్లో కార్డులతో పేర్లు పూర్తి చేసి, అకరణీయం లాంటి తిరగబడే మాటలను విడిగా పెట్టుకుంటే చాలు.

ఏ పద్ధతి ఎంచుకున్నా రెండు వారాలు ఆగి ఒకసారి తిప్పి అడగండి. ‘గుణిజం అంటే ఏమిటి?’ అని కాదు. 12 గుణిజాల పాప కాగితం మీద నేను తర్వాత రాసిచ్చింది ఇది: ‘36 ఏ సంఖ్యకు గుణిజం కాదు? మూడు చెప్పు. ఎందుకు కాదో కూడా చెప్పు.’ ఆమె 5, 7 వెంటనే రాసింది. మూడోది 72 అని రాసి, పక్కన ‘ఇది 36కే గుణిజం కాబట్టి’ అని రాసి, కింద గీత గీసింది.